వెబ్ డెవలపర్ ఉద్యోగం చేస్తూ బ్యాండ్‌లో వాయించడం సాధ్యమేనా? నా అనుభవం

మీరు అడిగింది ఇది: ఫ్రంట్ఎండ్ డెవలపర్‌గా (వెబ్‌సైట్‌లో కంటికి కనిపించే భాగం తయారుచేసేవారిగా) పనిచేస్తూ స్నేహితులతో కలిసి ఒక లోకల్ బ్యాండ్‌లో గిటార్ వాయిస్తున్నారు. సాయంత్రం లాప్‌టాప్ మూసేసరికి ఒంట్లో ఓపిక ఉండడం లేదు. సాధన రేపటికి, ఎల్లుండికి వాయిదా పడుతోంది. రిహార్సల్‌కి వెళ్తే మిగతావాళ్ల ముందు మొహం చెల్లడం లేదు. పైగా వచ్చే నెల ప్రోగ్రామ్ ఉన్న వారంలోనే ఆఫీసులో పెద్ద రిలీజ్ (కొత్త వెర్షన్ విడుదల) పడింది. సంగీతం మానేయాలా, ఉద్యోగంలో కాస్త వెనక్కి తగ్గాలా అన్నది మీ సందేహం.

రెండూ అక్కర్లేదనే నా సమాధానం. నేనూ వెబ్ డెవలపర్‌నే. చాలా ఏళ్లుగా ఒక చిన్న బృందంలో వయొలిన్ వాయిస్తున్నాను. ఒక గాయని, గిటార్, డ్రమ్స్, నేను. మా నలుగురిలో ఎవరికీ ఇది బతుకుతెరువు కాదు, అయినా ఎవరూ తేలిగ్గా తీసుకోరు. ఇన్నేళ్లలో నేను గమనించిందేమిటంటే, ఉద్యోగానికీ సంగీతానికీ గంటల దగ్గర పెద్ద తగాదా రాదు. రెండింటికీ కావలసింది అవే చేతులు, అవే చెవులు, అదే బుర్ర. అవి తాజాగా ఉండే సమయం రోజులో కొంచెమే ఉంటుంది. అందులో సంగీతానికి కాస్తయినా దక్కుతోందా లేదా అని చూసుకోవాలి.

అందుకే నా మొదటి సలహా: సాధన పొద్దున పెట్టుకోండి, మెయిల్, చాట్ తెరవక ముందే. సాయంత్రం ఓపిక లేకపోవడాన్ని బద్ధకం అనుకుని మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. రోజంతా ఒక బగ్ వెంట పడ్డామంటే పేజీలోని ఏ భాగం (కాంపొనెంట్) ఏ సమాచారాన్ని (స్టేట్) ఎక్కడ మారుస్తోందో అదంతా బుర్రలో మోస్తూ ఉంటాం. ఆఫీసు అయిపోయినంత మాత్రాన ఆ బరువు దిగిపోదు. వేళ్లు తీగల మీద ఉంటాయి, మనసు ఆ బగ్ చుట్టూనే తిరుగుతుంటుంది. అలా గడిపిన గంట కంటే పొద్దున్నే ఇరవై నిమిషాలు ఎంతో నయం. పక్కింటివాళ్ల నిద్ర పాడవుతుందన్న బెంగ ఉంటే దానికీ మార్గాలున్నాయి. వయొలిన్ తీగలను మోసే బ్రిడ్జి మీద రబ్బరు మ్యూట్ తగిలిస్తే శబ్దం బాగా తగ్గిపోతుంది. మీది ఎలక్ట్రిక్ గిటార్ అయితే హెడ్‌ఫోన్ ఆంప్ చాలు.

ఆ ఇరవై నిమిషాల్లో నేను పాట మొత్తం వాయించను, ఒక్క చోటు పట్టుకుంటాను. ఇప్పుడు మేం తయారు చేస్తున్న పాటలో చరణానికి ముందు ఒక బిట్ ఉంది. అక్కడ ఎడమ చెయ్యి వయొలిన్ మెడ చివరి ఫస్ట్ పొజిషన్ నుంచి ఇంకాస్త లోపలికి, థర్డ్ పొజిషన్‌కి జారాలి. బొటనవేలు మిగతా వేళ్లతో కలిసి కదలకపోతే పై స్వరం వెంట్రుకవాసి కిందికి పడుతుంది. వినేవాళ్లు తప్పెక్కడో చెప్పలేరు కానీ ఆ చోట పాట చప్పబడుతుంది. కాబట్టి ముందు కమాను పక్కన పెట్టేస్తాను. చెయ్యి మాత్రం జార్చి ఆపుతాను, ఆగిన చోట తీగ మీటి శ్రుతి చూసుకుంటాను. అది కుదిరాక కమాను తీసుకుని టక్‌టక్‌మని లయ చెప్పే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 బీట్ల దగ్గర పెట్టి మొదలుపెడతాను. వరసగా శుభ్రంగా వస్తేనే 66కి వెళ్తాను. ఇరవై నిమిషాలూ ఆ ఒక్క జారుడుకే. మర్నాడు వయొలిన్ తీస్తే చెయ్యి నిన్నటికన్నా తేలిగ్గా వెళ్తుంది. నేర్చుకున్న కదలికను మెదడు నిద్రలో కూడా గట్టిపరుచుకుంటుంది కాబట్టి, ఆదివారం ఒక్కసారే మూడు గంటలు కూర్చోవడం కంటే రోజూ కాసింత చేయడం మేలు.

గిటార్‌ని కవర్‌లో పెట్టి బీరువా పక్కన ఉంచకండి. స్టాండ్ మీద, చేతికందేలా ఉండాలి. అలాగని బిల్డ్ (కోడ్‌ని వాడే రూపంలోకి మార్చే పని) నడుస్తున్న రెండు నిమిషాల్లో, టెస్టులు పూర్తయ్యేలోగా గిటార్ అందుకోవడాన్ని మాత్రం నేను ప్రోత్సహించను. చాలామంది అది మంచి ఉపాయమంటారు. నాకైతే ఆ రెండు నిమిషాల్లో చేతికి అలవాటైన బిట్లే వస్తాయి, కొత్తగా ఏదీ రాదు. తిరిగి కోడ్ దగ్గరికొచ్చేసరికి ఎక్కడ ఆగామో వెతుక్కోవాలి.

ఇంకో సంగతి, ఇది ప్రత్యేకంగా మన వృత్తివాళ్లకి. సాధనలో ఏ చిన్న ఇబ్బంది వచ్చినా దానికొక టూల్ రాద్దామనిపిస్తుంది. బ్రౌజర్‌లో మెట్రోనోమ్ అందుకు మంచి ఉదాహరణ. రాయడం చాలా సరదాగా ఉంటుంది, నేర్చుకునేదీ ఉంటుంది. నిమిషానికి 120 బీట్స్ అంటే బీట్‌కీ బీట్‌కీ మధ్య 500 మిల్లీసెకన్లు. ఇంతసేపు ఆగి ఈ పని చెయ్యమని బ్రౌజర్‌కి చెప్పే సెట్‌టైమ్‌అవుట్ అనే ఆదేశానికి 500 అని ఇస్తే కనీసం అంతసేపు ఆగుతుందన్న హామీ తప్ప సరిగ్గా అప్పుడే మోగుతుందన్న హామీ లేదు. పేజీలో ఇంకో పని నడుస్తుంటే ఆలస్యమవుతుంది. ట్యాబ్ వెనక్కి వెళ్తే బ్రౌజర్లు టైమర్లను సెకనుకొకసారి స్థాయికి తగ్గించేస్తాయి. అందుకని బ్రౌజర్‌లో శబ్దం పని చూసే వెబ్ ఆడియో ఏపీఐలో ఉండే గడియారాన్ని నమ్ముకోవాలి, అది ఆడియో హార్డ్‌వేర్‌తో కలిసి నడుస్తుంది. రాబోయే కొన్ని బీట్లను దానికి ముందుగానే అప్పజెప్పాలి. ఇదంతా నాకు చాలా ఇష్టమైన విషయం, అడిగితే రాత్రంతా చెప్తాను. కానీ ఆ సమయాన్ని నేను సాధన ఖాతాలో వేసుకోను. మామూలు మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని పొద్దున వాయించేస్తాను, కోడ్ మీద మోజు తీర్చుకోవడానికి సెలవు రోజు మధ్యాహ్నం ఉండనే ఉంది.

బ్యాండ్ వెబ్‌సైట్ విషయమూ అంతే. బృందంలో డెవలపర్ ఉన్నారంటే సైటు పని వాళ్ల నెత్తినే పడుతుంది. ఒప్పుకోండి, కానీ హద్దు పెట్టుకోండి. మాది ఒకే ఒక హెచ్‌టీఎంఎల్ పేజీ: మేమెవరం, రాబోయే ప్రోగ్రామ్‌లు, ఒక వీడియో, సంప్రదించడానికి ఒక మెయిల్. తేదీలు బృందం షేర్డ్ క్యాలెండర్ నుంచి వస్తాయి, వాటిని మా డ్రమ్మర్ చూసుకుంటారు. ఫ్రేమ్‌వర్క్ (రెడీమేడ్ కోడ్ చట్రం) లేదు, లాగిన్ లేదు, కాబట్టి అప్‌డేట్ల గొడవా లేదు. ఆఫీసులో వారమంతా చేసే పనినే శనివారం బ్యాండ్ పేరుతో మళ్లీ చేస్తే గిటార్ పట్టుకునేదెప్పుడు?

ఇక్కడొక ముచ్చట చెప్పాలనిపిస్తోంది. వెబ్ పుట్టిన సెర్న్ పరిశోధన కేంద్రంలోనే లే ఒరీబ్ల్ సెర్నెట్ అని సరదా పాటలు పాడుకునే ఒక ఔత్సాహిక బృందం ఉండేది. వాళ్ల ఫోటో 1992లో వెబ్‌లోకి ఎక్కింది. వెబ్‌లో పెట్టిన తొలి ఫోటోల్లో అదొకటి. మన ఉద్యోగానికీ, మనలాంటి చిన్న బృందాలకీ అంత పాత బంధుత్వం ఉందని తెలిసినప్పుడు నాకు భలే సంతోషమేసింది.

ఇక రిహార్సల్ విషయానికి వస్తాను. దానికి వారంలో ఒక రోజు, ఒక వేళ ఖాయంగా ఉండాలి. "అందరికీ ఎప్పుడు వీలైతే అప్పుడు" అనుకున్న బృందాలు నిలబడడం నేను చూడలేదు. ఆ వేళను ఆఫీసు క్యాలెండర్‌లో అందరికీ కనిపించేలా, రిహార్సల్ అనే పేరుతోనే పెట్టండి. ప్రైవేట్ అని దాస్తే ఎవరో ఒకరు దాని మీద మీటింగ్ వేస్తారు. విషయం తెలిస్తే మనుషులు మర్యాద ఇస్తారు, నా అనుభవంలో మేనేజర్లు కూడా. ఆన్‌కాల్ డ్యూటీ (ఏదైనా పాడైతే వెంటనే చూడాల్సిన వంతు) ఆ రోజున పడితే ముందే మార్చుకుంటాను. బదులుగా వాళ్లకి కావలసిన రోజు నేను తీసుకుంటాను, అడగకముందే తీసుకుంటాను. రిహార్సల్ గదిలో ఫోన్‌ని మాత్రం కేసులో పడేస్తాను. నాలుగో పాట మధ్యలో అలర్ట్ చూసి ముఖం మారిపోయిన మనిషితో కలిసి వాయించడం మిగతావాళ్లకి చాలా కష్టం.

ఎవరైనా ఊళ్లో లేకపోతే వీడియో కాల్‌లో రిహార్సల్ చేద్దామంటారు. వద్దని చెప్పండి. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, అంటే మూడు మీటర్ల దూరంలో ఉన్న డ్రమ్స్ నాకు 9 మిల్లీసెకన్లలోపే వినిపిస్తాయి. ఆలస్యం 25, 30 మిల్లీసెకన్లు దాటిందంటే ఒకరికోసం ఒకరు ఆగుతూ లయ మెల్లగా జారిపోతుంది. మామూలు వీడియో కాల్‌లో వంద దాటడం సర్వసాధారణం. జామ్యులస్, జాక్‌ట్రిప్ లాంటి సాఫ్ట్‌వేర్లు దీనికోసమే ఉన్నాయి, కానీ వాటికీ దగ్గరి దూరాలు, కేబుల్ కనెక్షన్ ఉంటేనే ఫలితం. మేమైతే రాలేనివాళ్ల కోసం రిహార్సల్ మొత్తం ఫోన్‌లో రికార్డు చేసి పంపిస్తాం. ఆ రికార్డింగ్ వచ్చినవాళ్లకి కూడా పనికొస్తుంది. నడుస్తూ వింటే ఎక్కడ తొందరపడుతున్నామో, ఎక్కడ గాయని మీద వాద్యాలు ఎక్కుతున్నాయో తేటగా తెలుస్తుంది. అలసిపోయిన సాయంత్రాలకి ఇంతకన్నా మంచి పని లేదు.

చేతుల గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. ముంజేతిలోని అవే కండరాలతో రోజంతా టైప్ చేసి, మళ్లీ వాటితోనే తీగలు నొక్కుతాం. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతుంటే మణికట్టు దగ్గర మీడియన్ నరం నొక్కుకుపోతోందేమో చూపించుకోవాలి. తిమ్మిరి చిటికెనవేలి వైపు ఉంటే అది వేరే నరం, తరచూ మోచేతి దగ్గర సమస్య. రెండింటికీ డాక్టరే చెప్పాలి. "వాయిస్తూ ఉంటే అదే పోతుంది" అని ఎవరన్నా వినకండి. కీబోర్డు మీద మణికట్టు పైకి వంగకుండా తిన్నగా ఉందో లేదో ఇప్పుడే ఒకసారి చూసుకోండి. టైపింగ్ విపరీతంగా పడిన రోజున నేను వయొలిన్ తీయను. పాట వింటాను, తాళం వేసుకుంటాను, స్వరాలు పాడుకుంటాను.

చెవులూ అంతే ముఖ్యం. ఆఫీసులో హెడ్‌ఫోన్స్, సాయంత్రం డ్రమ్స్, రెండూ ఒకే ఖాతాలో పడతాయి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సిఫార్సు ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. చిన్న గదిలో డ్రమ్స్ పక్కన అది ఎంతసేపని? వయొలిన్ వాయించేవాళ్లకైతే వాద్యం ఎడమ చెవి కిందే ఉంటుంది. సంగీతకారుల కోసం చేసిన ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి. అవి అన్ని స్వరాలనూ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి కాబట్టి శ్రుతి చక్కగా తెలుస్తుంది. రిహార్సల్ అయ్యాక చెవుల్లో గింగురుమంటుంటే అది హెచ్చరికే.

ఇక వచ్చే నెల సంగతి. మీ మేనేజర్‌తో ఈ వారమే మాట్లాడండి. రిలీజ్ నెత్తి మీదికొచ్చాక అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు. రిలీజ్‌ని రెండు రోజులు ముందే చేసేయగలరేమో అడగండి. కుదరదంటే ప్రోగ్రామ్ సాయంత్రానికి రోల్‌బ్యాక్ (తేడా వస్తే పాత వెర్షన్‌కి వెనక్కి తేవడం) ఎవరు చూస్తారో పేరుతో సహా రాసి పెట్టించుకోండి. వాళ్లకి కావలసిన స్టెప్స్ మీరే ముందుగా రాసివ్వండి. బ్యాండ్‌తోనూ ఇంతే సూటిగా మాట్లాడండి. ఈ నెల కొత్త పాటలు వద్దు, వచ్చినవాటినే బాగా వాయిద్దామనండి. ఆ రోజు వాయించే పాటల జాబితాలో రెండు పాటలు తగ్గితే వినడానికొచ్చినవాళ్లు పట్టించుకోరు, సగం వచ్చిన పాట వాయిస్తే మాత్రం వెంటనే పట్టేస్తారు. పొద్దుటి ఇరవై నిమిషాల్లో ఆ పాటల్లో మీ చెయ్యి తడబడే చోట్లు ఒక్కొక్కటే పట్టుకోండి. తీగలు మార్చాలనుకుంటే ప్రోగ్రామ్‌కి మూడు నాలుగు రోజుల ముందే మార్చేయండి, కొత్త తీగలు సాగుతూ శ్రుతి దిగిపోతుంటాయి. రిలీజ్ హడావిడిలో ముందు మర్చిపోయేది ఇదే, కాబట్టి తీగలు ఇప్పుడే కొని కేసులో పెట్టేసుకోండి.