కారం మాన్పిస్తే పేగుపూత తగ్గుతుందా?

అడిగినది: "మాది గుంటూరు. బాబుకి 16 ఏళ్లు, విజయవాడ హాస్టల్లో ఇంటర్ ఫస్టియర్. అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు పూత) అన్నారు. కారం మాన్పిస్తే తగ్గుతుందా? ఏం వండిపెట్టాలి?"

కారం వల్ల ఈ జబ్బు రాలేదమ్మా, కారం మానేస్తే పోదు కూడా. అదే నిజమైతే మిర్చి యార్డు ఉన్న ఊళ్లో ఒక్కరి పేగూ బాగుండేది కాదు. రక్తం పడుతున్న రోజుల్లో మాత్రం ఆవకాయ, మిరపకాయ బజ్జీ, మసాలాలు ఆపండి, మంట పెడతాయి. మెత్తటి అన్నం, పెసరకట్టు, సొరకాయ, గుడ్డు, అరటిపండు, పడితే మజ్జిగ. తగ్గాక అందరితో పాటు ఇంటి భోజనమే. ఎదిగే పిల్లాడిని పథ్యమని నెలల తరబడి చారన్నం మీద ఉంచితే బరువూ ఎత్తూ రెండూ దెబ్బతింటాయి. వంట సంగతి ఇంతే. దీని గురించి చుట్టాలు చెప్పేది ఎక్కువ, దానివల్ల ఒరిగేది తక్కువ.

అసలు పనంతా మందుల దగ్గరుంది. పేగులో మంట తగ్గించే మెసలమిన్ బిళ్ల మీద పైపొర ఉంటుంది. అది పేగు కింది భాగానికి వెళ్లాకే కరగాలి. నమిలినా, విరిచినా మందు పైనే అయిపోతుంది. మింగడం కష్టమైతే గుళికల సాషే రాయమని అడగండి.

స్టెరాయిడ్ ఇస్తే పొద్దున టిఫిన్ తిన్నాక ఒకేసారి వేయించాలి, రాత్రి వేస్తే నిద్ర పట్టదు. మొహం ఉబ్బుతుంది, మొటిమలొస్తాయి, ఆకలి, చిరాకు పెరుగుతాయి. ఆ వయసు పిల్లలు అద్దం చూసుకుని, ఎవరికీ చెప్పకుండా బిళ్లలు ఆపేస్తుంటారు. ఒక్కసారిగా ఆపితే వాంతులు, కళ్లు తిరగడం, లేవలేనంత నీరసం రావచ్చు, జబ్బూ తిరగబెడుతుంది. మామూలుగా వారానికి 5 మి.గ్రా. చొప్పున తగ్గిస్తారు. ఏ తేదీ నుంచి ఎంతో డాక్టరు చేతే రాయించి అల్మరా తలుపు లోపలి వైపు అంటించండి. కాల్షియం, విటమిన్ డి సంగతి కూడా అప్పుడే అడగండి.

జబ్బు పెద్దపేగు చివరి భాగంలో ఉంటే బిళ్లలకి తోడు రాత్రిపూట మెసలమిన్ ఎనిమా (మలద్వారం గుండా సీసాతో లోపలికి ఎక్కించే మందు) కూడా రాస్తారు. ఇళ్లల్లో అందరూ తడబడేది ఇక్కడే. ముందు మోషన్‌కి వెళ్లి రావాలి. సీసా చల్లగా ఉంటే పేగు బిగుసుకుని మందుని తన్నేస్తుంది కాబట్టి కాసేపు అరచేతుల మధ్య పట్టుకుని, బాగా కుదపాలి. పక్క మీద పాత దుప్పటి పరవండి, మందు పడితే బట్టకి గోధుమరంగు మరక ఉండిపోతుంది. ఎడమవైపు తిరిగి పడుకుని, ఎడమకాలు చాపి, కుడి మోకాలు పొట్ట వైపు ముడవాలి. సీసా మూతికి కొంచెం వాజిలిన్ రాసి, బొడ్డు వైపు చూసేలా మెల్లగా పెట్టి, తొందరపడకుండా నొక్కాలి. నొక్కిన చేతిని వదలకుండానే సీసా బయటికి తీయాలి. మధ్యలో పట్టు వదిలితే మందు మళ్లీ సీసాలోకి లాగేసుకుంటుంది. కనీసం అరగంట అలాగే పడుకోవాలి, తెల్లారేదాకా లోపల ఉంటే మరీ మంచిది. మొదటి వారం పావుగంట కూడా ఆగకపోవచ్చు, పేగు ఎర్రబడి ఉంది కదా. అది చూసి అదే రాత్రి రెండో సీసా పెట్టకండి. వారాలు గడిచినా ఆగకపోతే ఫోమ్ రూపంలో దొరుకుతుందేమో డాక్టర్ని అడగండి.

ఇది తల్లి చేసే పని కాదు. ఒక దిండు పెట్టి ఎలా పడుకోవాలో నాన్న గానీ నర్సు గానీ ఒక్కసారి చూపిస్తే, తర్వాత తలుపు గడియ వేసుకుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వాడే చేసుకుంటాడు. "అయ్యిందా నాన్నా?" అని బయట నుంచి పిలవకండి.

పది మందికో బాత్రూం ఉండే హాస్టల్లో ఇది జరిగే పని కాదు. గదికే బాత్రూం ఉండాలి, లేదంటే ఊళ్లో ఎవరింట్లోనైనా ఉంచి డే స్కాలర్‌గా పంపాలి. స్టడీ అవర్లో బాత్రూంకి వెళ్లాలంటే చెయ్యెత్తి కారణం చెప్పాలనే కాలేజీలు ఉన్నాయి, వాళ్ల తెలివికి దండం పెట్టాలి. డాక్టరుతో రెండే వాక్యాలు రాయించండి: అడగ్గానే పంపాలి, గుమ్మం పక్కన సీటివ్వాలి. కాపీలు ప్రిన్సిపాల్‌కి, వార్డెన్‌కి విడివిడిగా ఇవ్వండి. బ్యాగులో ఒక జత లోదుస్తులు, తడి టిష్యూలు, నల్ల కవరు ఉండాలి. గుంటూరు వచ్చేటప్పుడు బస్సు కాకుండా ఎక్స్‌ప్రెస్ రైలెక్కమనండి, అందులో బాత్రూం ఉంటుంది. సగం భయం అక్కడే పోతుంది.

తలనొప్పికి, జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ పేగుని రేపుతాయి. మందుల షాపులో "నొప్పి బిళ్ల" అంటే పారాసిటమాల్‌తో ఎసిక్లోఫెనాక్ కలిసినవే చాలాసార్లు చేతిలో పెడతారు, అట్ట తిప్పి చదవండి. రోజుకి ఆరుసార్లు గానీ అంతకన్నా ఎక్కువసార్లు గానీ రక్తంతో మోషన్‌కి వెళ్తూ, 100 డిగ్రీల జ్వరమో, నిమిషానికి 90 దాటిన నాడో ఉంటే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మోషన్లు ఆపే బిళ్ల ఇంట్లో వేయకండి, పెద్దపేగు ఉబ్బిపోయే ప్రమాదం ఉంది.

మూడు నెలలు బాగుందని మందులు ఆపడం, వేళ్లతో సహా పీకేస్తామన్న పసరు మందుకి మారడం: జబ్బు తిరగబెట్టిన చాలా ఇళ్లల్లో జరిగేది ఇదే. పైకి బాగున్నా లోపల మంట ఉండొచ్చు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్షలో అది తెలుస్తుంది: 50 లోపు మామూలు, 250 దాటితే పేగులో మంట ఉన్నట్టే అనుకోవాలి. రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ మొదలుపెడితే మాత్రం ముందు ఎన్‌యుడిటి 15 జన్యు పరీక్ష గురించి అడగండి. మనవాళ్లలో కొందరికి ఆ జన్యువులో తేడా ఉండటం వల్ల ఈ మందుతో తెల్లకణాలు ఒక్కసారిగా పడిపోతాయి, జుట్టు ఊడిపోతుంది.

ఎన్నిసార్లు వెళ్లాడు, రక్తం పడిందా, రాత్రి లేచాడా, ఈ మూడూ వాడే ఫోన్లో రాసుకోనివ్వండి. ఆదివారం ఒక్కసారి చూడండి. బాబాయి ముందు, కంచం ముందు ఆ లెక్క అడగకండి.