మీ పదిహేడేళ్ల హీరోయిన్‌కి ఇంగ్లండ్‌లో కూరగాయల కత్తి కూడా అమ్మరు

మీరు అడిగింది: ఇంగ్లండ్‌లో ఫౌండేషన్ కోర్సు (డిగ్రీకి ముందు చదివేది) చదువుతున్న 17 ఏళ్ల తెలుగమ్మాయి ఒక మోసాల ముఠాను పట్టుకునే క్రైమ్ అడ్వెంచర్ నవల రాస్తున్నారు, అక్కడ చదివినవాళ్లు కూడా నమ్మేలా ఉండాలంటే ఏమేం చూసుకోవాలి అని.

నేను 2017 సెప్టెంబర్‌లో సరిగ్గా అదే వయసులో, అదే కోర్సుకి వెళ్లాను. ముఠాను పట్టుకోలేదు గానీ ఒక ముఠాకి దొరికిపోయాను. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

ముందు మీరు రాసిన కథాసారంలో చిన్న చిన్న మరమ్మతులు. వాళ్లమ్మ సూట్‌కేసులో పెట్టిన పెప్పర్ స్ప్రేని హీరోయిన్ విలన్ మొహం మీద కొడుతుంది అన్నారు. అక్కడ పెప్పర్ స్ప్రే 1968 నాటి ఫైర్‌ఆర్మ్స్ చట్టం కింద నిషేధిత ఆయుధం. విలన్ కళ్లు నలుపుకుంటూ కూర్చుంటాడు, పోలీసులు మాత్రం ఈ అమ్మాయిని తీసుకెళ్తారు. నన్నడిగితే ఆ సీన్ తీసేయకండి, అలాగే జరగనివ్వండి.

పోనీ కత్తి పెడదామా అంటే 18 నిండనివాళ్లకి అమ్మరు. వంటింటి కత్తి కూడా అంతే. నేను మొదటి నెలంతా హాస్టల్ కిచెన్‌లో వెన్న రాసే చాకుతో ఉల్లిపాయలు కోశాను. కోశాను అనకూడదు, నలిపాను. అక్టోబర్ మొదటి వారంలో 18 నిండాయి. ఆ రోజు పాస్‌పోర్ట్ పట్టుకెళ్లి కొన్నది కత్తే. గొప్ప విలన్ గొడవల కన్నా ఇలాంటి ఒక్క ముక్క ఉంటే అక్కడ చదివినవాళ్లు నవ్వుకుని మిమ్మల్ని నమ్మేస్తారు.

పోలీసులు తుపాకులు పట్టుకుని పరిగెత్తే సీన్ తీసేయండి, మామూలు కానిస్టేబుల్ దగ్గర తుపాకీ ఉండదు. విలన్ ఆమె స్టూడెంట్ వీసా కార్డు లాక్కుంటాడు అన్నారు. కథ నా కాలంలో జరిగితే సరే. ఇప్పటి కథైతే కుదరదు. ఆ కార్డులు 2024 డిసెంబర్ 31తో పోయాయి, ఇప్పుడంతా ఆన్‌లైన్ ఈవీసా. డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడుతుంది, దాన్ని మాత్రం బాగా వాడుకోవచ్చు.

మీకు రెండు వస్తువులు ఉచితంగా ఇస్తాను. మొదటిది: మొబైల్ నుంచి అక్కడి ఎమర్జెన్సీ నంబర్ 999 కొట్టి, మాట్లాడే పరిస్థితి లేకపోతే, అడిగినప్పుడు 55 నొక్కాలి. కాల్ పోలీసులకి వెళ్తుంది. దాంతో మనం ఎక్కడున్నామో వాళ్లకి తెలిసిపోదు, అది గుర్తుంచుకోండి. అల్మరాలో దాక్కున్న పిల్ల 55 నొక్కాక, ఆ పక్క నుంచి అడిగే ప్రశ్నలకి కీ నొక్కో, దగ్గో జవాబు చెప్పాలి. రెండోది: సీసీటీవీలో మనం కనిపించే ఫుటేజ్ ఇమ్మని డేటా చట్టం కింద మనమే అడగొచ్చు. మామూలుగా నెలలోపు స్పందించాలి. కానీ చాలాచోట్ల నెల తిరిగేసరికి పాత రికార్డింగ్ చెరిగిపోతుంది. చేతిలో ఏ అధికారమూ లేని పిల్ల డిటెక్టివ్‌కి ఇంతకన్నా మంచి ఆయుధం, ఇంతకన్నా మంచి గడువు దొరకవు.

ఇక అసలు సంగతి. మీ విలన్ బెదిరించడానికి కత్తి తీస్తాడు. అక్కర్లేదండీ. "ఈ వారం ఎన్ని గంటలు పనికెళ్లావ్?" అని అడిగితే చాలు.

స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, ఆపై చదువులవాళ్లు చదువు రోజుల్లో వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. అంతకన్నా కింది స్థాయి కోర్సుల వాళ్లకి 10 గంటలే. నాకూ 10. తెలిసే అక్టోబర్‌లో రెండు వారాలు 14 చొప్పున చేశాను. ఆ పని చూపించింది మా సీనియర్ ఒకడు. అన్నా అని పిలిచేవాణ్ణి. చాలా మంచివాడు, వచ్చిన కొత్తలో దుప్పటి ఇచ్చాడు. (విలన్ దుప్పటి ఇవ్వాలి. దయచేసి ఇప్పించండి.)

తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో అప్పట్లో రోజూ కనిపించే మెసేజ్ ఒకటుంది: పౌండ్లు ఉన్నాయి, రూపాయలు కావాలి, బ్యాంకు కన్నా మంచి రేటు. ఇండియాలో మన నాన్న, ఆ మెసేజ్ పెట్టినవాళ్లు చెప్పిన అకౌంట్‌కి రూపాయలు వేస్తాడు, ఇంగ్లండ్‌లో మన అకౌంట్లో పౌండ్లు పడతాయి. అలా మార్చుకోవడం మన ఫెమా (విదేశీ మారకద్రవ్య) చట్టానికీ విరుద్ధమే, కానీ ఆ వయసులో ఫెమా ఎవడికి తెలుసు? అద్దెకి 1,200 పౌండ్లు కావాల్సొచ్చింది. అన్న "ఏం కాదు తమ్ముడూ, అందరం ఇలాగే చేస్తాం" అన్నాడు. నాన్న లక్ష పైచిలుకు వేశాడు. నాకు పౌండ్లు వచ్చాయి. బ్యాంకు యాప్‌లో పంపినవాళ్ల పేరు చూశాను. అన్న పేరు కాదు. ఎవరో ఆంగ్లేయురాలి పేరు, ముందు మిసెస్ అని ఉంది. ఒక్క క్షణం ఆగాను. తర్వాత అద్దె కట్టేశాను. ఆ ఒక్క క్షణం మీద మీరు ఒక పేజీ రాయొచ్చు.

మూడో రోజు సూపర్ మార్కెట్లో బ్రెడ్డు, పాలు. కార్డు పెడితే ఎర్ర లైటు. మళ్లీ పెట్టాను, మళ్లీ ఎర్ర లైటు. వెనక క్యూలో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. పాలు మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి వచ్చాను. బ్యాంకుకి వెళ్తే కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసింది, మొహం మారింది, "దీని గురించి నేనేమీ మాట్లాడలేను" అంది. పొగరనుకున్నాను. తర్వాత తెలిసింది, చెప్తే ఆమెకే కేసు. 2002 నాటి ప్రొసీడ్స్ ఆఫ్ క్రైమ్ చట్టం ప్రకారం, అనుమానం రిపోర్ట్ అయిందని కస్టమర్‌కి ఉప్పందించడం నేరం.

ఆ పౌండ్లు ఎవరో పెద్దావిడని ఫోన్లో మోసం చేసి లాగినవి. ఇలా అకౌంట్ వాడబడినవాళ్లని మనీ మ్యూల్ అంటారు. మ్యూల్ అంటే కంచరగాడిద. మోసేదానికి మూటలో ఏముందో తెలియక్కర్లేదు. తెలిసే చేశారని తేలితే మనీ లాండరింగ్ కింద గరిష్ఠంగా 14 ఏళ్ల జైలు. జైలు దాకా పోకపోయినా, సిఫాస్ అనే మోసాల నివారణ సంస్థ రికార్డులో పేరెక్కితే ఆరేళ్ల దాకా ఉండొచ్చు, కొత్త బ్యాంకు అకౌంట్ దొరకడమే కష్టం.

అన్నకి ఫోన్ చేశాను. అరవలేదు. చాలా మెల్లగా, "చాట్ డిలీట్ చేసెయ్, ఇద్దరికీ మంచిది. అనవసరంగా లాగితే నీ 14 గంటలు కూడా బయటికొస్తాయ్" అన్నాడు. డిలీట్ చేశాను. నాకున్న సాక్ష్యాన్ని నా వేలితో నేనే తుడిచేశాను.

తర్వాత తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. అమ్మ రోజూ వీడియో కాల్ చేసేది, వెనక గోడ కనిపించేలా కూర్చుని "బానే ఉన్నా" అనేవాణ్ణి. మీ పాఠకులు "పోలీసులకి చెప్పొచ్చుగా" అంటారు. వాళ్ల నోరు మూయించాలంటే ఆ తొమ్మిది రోజులు చూపించాలి. వీసా పోతుందన్న భయం, నాన్న తెచ్చిన అప్పు, ఊళ్లో ఏమంటారోనన్న సిగ్గు. ముఠాకి వేరే గూండాలు అవసరం లేదు.

పదో రోజు చెప్పాను, అదీ అద్దం పగిలినట్టు ఒక్కసారిగా, ఏడుస్తూ. నాన్న తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "ఆ అకౌంట్ నంబర్ నువ్వు నాకు ఫార్వర్డ్ చేసిందేగా, ఉంది" అన్నాడు. ఆయన ఫోన్లో ఏ మెసేజూ డిలీట్ చేసే మనిషి కాదు, గ్యాస్ బుకింగ్ మెసేజులు కూడా ఉంటాయి. అన్న పంపిన రేటు, అకౌంట్ నంబర్, డబ్బు తీసినట్టు బ్యాంకు పంపిన ఎస్సెమ్మెస్, అన్నీ అక్కడే ఉన్నాయి. నేను తుడిచేసినదానిలో సగం ఐదువేల మైళ్ల అవతల భద్రంగా ఉంది.

జనవరిలో పోలీసులు విచారణకి పిలిచారు. అరెస్ట్ కాదు, స్వచ్ఛందంగా రమ్మన్నారు. లాయర్‌ని ఉచితంగానే ఇస్తారు. మీ హీరోయిన్‌కి 18 నిండలేదు కాబట్టి పక్కన ఒక పెద్దమనిషి తప్పనిసరిగా ఉండాలి, అప్రోప్రియేట్ అడల్ట్ అంటారు. అమ్మానాన్నలు ఇంగ్లండ్‌లో లేరు. మరి ఆ కుర్చీలో ఎవరొచ్చి కూర్చుంటారు? మీ నవలలో అన్నిటికన్నా మంచి ప్రశ్న ఇదేనేమో.

లోపలికి వెళ్లే ముందు లాయర్‌కి ఇద్దామని ఏది ఎప్పుడు జరిగిందో కాగితం మీద రాసుకెళ్లాను. అక్టోబర్ 30, సోమవారం. నాన్న ఎస్సెమ్మెస్ టైము మధ్యాహ్నం 3:10. రెండు దేశాల తేడా నాలుగున్నర గంటలు తీసేస్తే ఇంగ్లండ్‌లో ఉదయం 10:40. నా అకౌంట్లో పౌండ్లు పడింది 10:05కి. లాయర్ చదివి, కళ్లజోడు తీసి అడిగింది: "అంటే ముందు నీకు డబ్బొచ్చింది, ఆ తర్వాత మీ నాన్న ఇంకెవరికో పంపాడా?"

నా ఒళ్లు చల్లబడింది. అలా అయితే అది మార్పిడి కాదు. దొంగసొమ్ము అందుకుని, వాటా ముట్టజెప్పినట్టు కనిపిస్తుంది.

అప్పుడు ఎందుకో హాస్టల్ కిచెన్‌లో మైక్రోవేవ్ గుర్తొచ్చింది. దాని గడియారం గంట ముందుంటుంది, ఎవరూ మార్చరు. అక్కడ అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ ఏడాది అది 29. అంటే 30వ తేదీకి మనకీ వాళ్లకీ తేడా నాలుగున్నర కాదు, ఐదున్నర. 3:10 అంటే ఉదయం 9:40. నాన్నే ముందు వేశాడు. పాతిక నిమిషాల తర్వాత నాకు పౌండ్లు వచ్చాయి. ఆమె పెన్నుతో 10:40 కొట్టేసి పైన 9:40 రాసింది, ఏమీ అనలేదు.

కేసు ముందుకి పోలేదు. అకౌంట్ మాత్రం మూసేశారు. 14 గంటల సంగతి ఎవరూ అడగనే లేదు. అన్న నంబర్ అప్పటికే స్విచాఫ్. ఆ పెద్దావిడకి డబ్బు తిరిగొచ్చిందో లేదో నాకెవరూ చెప్పలేదు.

కాబట్టి మీ హీరోయిన్ చేత కూడా చాట్ డిలీట్ చేయించండి, మూడో అధ్యాయంలోనే. మైక్రోవేవ్ అంతకు ముందే, వేడి చేసుకునే సీన్‌లో ఎక్కడో ఒక మూల గంట ముందు నడుస్తూ ఉండాలి. దాని గురించి ఎవరిచేతా ఒక్క మాట కూడా అనిపించకండి.