తిరుపతి చుట్టుపక్కల అడవులకు ఎవరు వెళ్తారు, ఎందుకు వెళ్తారు?

"జంతువులు పెద్దగా కనపడవంటారు కదా, మరి శేషాచలం అడవులకు, పక్షుల కేంద్రాలకు జనం ఎందుకు వెళ్తారు?" అని అడిగారు. నేను తిరుపతిలోనే పుట్టి పెరిగాను. ఇక్కడ చూసింది చెప్తాను.

ఎక్కువమంది దేవుడి కోసమే వెళ్తారు. అలిపిరి మెట్లెక్కే భక్తులంతా ఆ అడవిలో నుంచే నడుస్తారు, కానీ అడవికి వచ్చామని చాలామంది అనుకోరు. 2023 ఆగస్టులో నడకదారి దగ్గర చిరుత ఒక చిన్నారిని చంపినప్పుడు గానీ ఆ సంగతి అందరికీ తట్టలేదు. అందుకే దారిలో తిండి పడేయొద్దని నేను ప్రతి ఒక్కరికీ చెప్తాను. తిండి కోసం కుక్కలు, పందులు వస్తాయి, వాటి కోసం చిరుత వస్తుంది.

భక్తులను "వీళ్లకు ప్రకృతి అంటే ఏం తెలుసు" అని తీసిపారేసేవాళ్లున్నారు. ఆ మాట నాకు నచ్చదు. శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం 1989లో వచ్చింది, శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు 2010లో. తీర్థాల పేరుతో జనం ఈ లోయల్లోకి వెళ్లడం అంతకు ఎంతో ముందు నుంచీ ఉంది. ఫాల్గుణ పౌర్ణమికి తిరుమల కొండల్లోని తుంబురు తీర్థంలో జరిగే ముక్కోటి పండగ చూడండి. పాపవినాశనం దగ్గర బయల్దేరి, బండలు ఎక్కుతూ దిగుతూ, వాగులు దాటుతూ, చివరికి నిట్టనిలువు కొండల మధ్య ఇరుకు సందులో నీళ్లలో నడవాలి. అరవై దాటిన ఆడవాళ్లు గోవింద నామం చెప్పుకుంటూ మాకంటే ముందు వెళ్లిపోతారు. అలాంటి ఒక ప్రయాణంలోనే కొండ కింద ఊరి పెద్దాయన ఒకరు నాకు ఎర్రచందనం గుర్తుపట్టడం నేర్పారు: బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. జాలారి, తెల్లకరక చెట్లు కూడా ఆయనే చూపించారు. మిగతా రోజుల్లో మాత్రం అటవీ శాఖ అనుమతి లేకుండా అటు వెళ్లకండి.

తలకోన సంగతి వేరు. ఆదివారమైతే తిరుపతి, చెన్నై కుర్రాళ్లు, వంటసామాన్లతో వచ్చే కుటుంబాలు. 270 అడుగుల జలపాతం, పక్కనే సిద్ధేశ్వరస్వామి గుడి. ఎండలో మాడే ఊళ్లవాళ్లు చల్లటి నీళ్ల కోసం రావడంలో తప్పేముంది? స్నానం అయ్యాక ఒక్క అరగంట చెట్ల కిందికి నడిస్తే బాగుంటుంది. చెట్టు నుంచి చెట్టుకు అల్లుకున్న గిల్లతీగ, మూరెడుకు మించి వేలాడే దాని కాయలు చూడకుండానే చాలామంది తిరిగి వెళ్లిపోతారు. ప్లాస్టిక్ మాత్రం దయచేసి వెనక్కి తీసుకెళ్లండి.

పక్షుల కోసమే వచ్చేవాళ్లను చూడాలంటే నేలపట్టు వెళ్లాలి. 2022 నుంచి అది మన తిరుపతి జిల్లాలోనే ఉంది. పెద్ద కెమెరాలవాళ్లు, బడిపిల్లలు వస్తారు. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఆ ఊరివాళ్ల తీరు. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని వాళ్లకు తెలుసు, అందుకే పక్షుల జోలికి వెళ్లనివ్వరు. డిసెంబరు, జనవరి మంచి సమయం. సూళ్లూరుపేట ఫ్లెమింగో పండగ రోజుల్లో జనం ఎక్కువ కాబట్టి, ప్రశాంతంగా చూడాలంటే మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి.

చిత్తూరు జిల్లాలో పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం ఉంది. ఏనుగును దగ్గరగా చూడాలన్న సరదాతో అటు వెళ్లొద్దు. అక్కడి రైతులు ఏనుగుల నుంచి పంట కాపాడుకోవడానికి రాత్రుళ్లు నిద్ర మానుకుంటున్నారు.

మీరు ఏ నెలలో వస్తున్నారో, వెంట పిల్లలు, పెద్దవాళ్లు ఉన్నారో రాయండి. దాన్నిబట్టి ఎక్కడికి వెళ్తే బాగుంటుందో చెప్తాను.