ఆన్‌లైన్ పొడి తలకు రాయొచ్చా?

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మాది పర్లాకిమిడి. వయసు 26. నుదుటి మీద జుట్టు పల్చబడిపోతోంది. పెళ్లిచూపులంటేనే టెన్షన్. ఆన్‌లైన్‌లో క్లాస్కోటెరోన్ పొడి తెప్పించి, స్పిరిట్‌లో కలిపి రాసుకోమంటున్నాడు స్నేహితుడు. రాయొచ్చా?

జవాబు: వద్దు బాబూ. అది వెంట్రుక కుదురు దగ్గర, జుట్టును పల్చబరిచే డీహెచ్‌టీ హార్మోన్‌ను అడ్డుకునే మందు, నిజమే. కానీ 2020లో అమెరికా అనుమతిచ్చింది మొటిమలకు, 1 శాతం క్రీముగా. జుట్టు కోసం పరీక్షించింది వేరే ద్రావణం. నీకొచ్చిన పొట్లంలో అసలేముందో ఎవరు చెప్తారు? ఇంట్లో కొలతలు కుదరవు, మాడు మండిపోతుంది. జుట్టు కోసం 1988లోనే అక్కడ అనుమతి పొందిన, తలకు రాసే మందు మినాక్సిడిల్ ఉందిగా! మొదట్లో జుట్టు ఇంకాస్త రాలొచ్చు, బెదిరి ఆపేయకు. ఫలితానికి కనీసం నాలుగు నెలలు పడుతుంది. గుండె జబ్బుంటే మాత్రం ముందే చెప్పాలి. బరంపురం మెడికల్ కాలేజీలో చర్మ వైద్యులకు చూపించుకుని మొదలుపెట్టు.