ట్రక్ ఇంజిన్ దొరికింది సరే, ఆయిల్ పాన్ సంగతేంటి తమ్ముడూ?

1972 షెవర్లే నోవా కారు కొన్నావు, జంక్‌యార్డ్‌లో సిల్వరాడో ట్రక్ 5.3 లీటర్ల ఇంజిన్ చవగ్గా పట్టావు, తీరా దించబోతే ఆయిల్ పాన్, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అడ్డం వస్తోంది. కోసి వెల్డింగ్ చేయిస్తే సరిపోతుందా అని అడిగావు. అమెరికా వచ్చి ఏడాదన్నా కాలేదు, అప్పుడే వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) మోజు! నాకూ ఉండేది కాబట్టి తిట్టను. కానీ కోయొద్దు.

ట్రక్ పాన్ లోతు సుమారు 8 అంగుళాలు. ట్రక్ ఎత్తు మీద ఉంటుంది కనుక అక్కడ చెల్లిపోతుంది. నోవాలో అయితే క్రాస్‌మెంబర్ (ఇంజిన్ కింద ఫ్రేముకి అడ్డంగా ఉండే దూలం) కంటే కిందికి వేలాడుతుంది. పైగా అది పోత అల్యూమినియం. స్పీడ్ బంప్ తగిలితే సొట్ట పడదు, పగులుతుంది.

నేను నా పాత షెవెల్ కారులో ఈ పని మొదలుపెట్టినప్పుడు డాలర్ 45 రూపాయలు. ఇప్పుడున్నన్ని రెడీమేడ్ పాన్‌లు అప్పట్లో లేవు. 1998–2002 కమారో కారు పాన్ సెట్ రెండొందల డాలర్లు చెప్పారు. తొమ్మిది వేల రూపాయలు! ఇంట్లో చెల్లి ఫీజు కట్టాలి, నేనేమో రేకు డబ్బాకి అంత పెట్టాలా అనుకున్నాను. ట్రక్ పాన్‌నే కోయించి, అరవై డాలర్లకి వెల్డింగ్ చేయించాను. ఏళ్ల తరబడి ఆయిల్ తాగిన అల్యూమినియం ఎంత కడిగినా శుభ్రపడదు. వెల్డింగ్‌లో సూది బెజ్జాలు మిగిలాయి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఆయిల్ మరకలు పడ్డాయి, డిపాజిట్‌లో కోత పడింది. అక్కడితో ఆగినా బాగుండేది. పాన్ లోతు తగ్గించాక పికప్ ట్యూబ్, అంటే పాన్‌లోంచి ఆయిల్‌ని పంపుకి పీల్చే గొట్టం, కూడా నేనే కోసి అతికించాను. దాని మూతి పాన్ అడుగుకి దాదాపు ఆనుకుంది. లోపల ఆయిల్‌ని ఆపే అడ్డుపలక కూడా కోతలో పోయింది. హైవే ర్యాంప్ మీద వంపు తిరుగుతుంటే ఆయిల్ ప్రెషర్ సూది పడిపోయింది. బేరింగులు పోయాయి, ఇంజిన్ పోయింది. ఇంకో ఇంజిన్, దాని రవాణా, అన్నీ కలిపితే చెల్లి ఫీజు రెండుసార్లు కట్టొచ్చు. ఇంట్లో ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

నీకు ఆ తిప్పలు లేవు. హోలీ అనే విడిభాగాల కంపెనీ వాళ్లు పాత కార్ల కోసమే పాన్‌లు చేస్తున్నారు, జీఎం కిట్ కూడా ఉంది. పికప్, గ్యాస్కెట్, లోపల ఆయిల్ చిమ్మకుండా ఆపే ట్రే కలిపి నాలుగైదు వందల డాలర్లు అనుకో. క్రెడిట్ కార్డు మీద కొనకు, రెండు నెలలు దాచుకుని కొను. అంత లేదంటే జంక్‌యార్డుల్లో హమ్మర్ హెచ్3 ఆల్ఫా వీ8 కోసం వెతుకు. దాని పాన్ మన పాత కార్లకి బాగా కుదురుతుందని పేరు, కాకపోతే ఆ బండ్లు అరుదు. కార్వెట్ పాన్ చవగ్గా ఇస్తానంటే మాత్రం ఆశపడకు. రెక్కల్లా వెడల్పుగా ఉంటుంది, నీ ఫ్రేములో పట్టదు.

ఏ పాన్ కొన్నా దానికి సరిపడే పికప్ ట్యూబ్, ట్రే కలిపే కొను. ట్యూబ్‌ని బట్టి ఓ-రింగ్ (సీలుగా ఉండే రబ్బరు వలయం) మందం మారుతుంది. పంపుకి పట్టే చోట బోల్టు ఒక్కటే కాబట్టి ట్యూబ్ ఓరగా కూర్చుంటే రింగ్ నలిగి, పంపు గాలి పీలుస్తుంది. పాన్ అడుగున పిల్లలు ఆడుకునే క్లే ముద్ద పెట్టి ఒకసారి బిగించి తీసి చూడు. మూతికీ అడుగుకీ మధ్య పావు అంగుళం నుంచి 3/8 అంగుళం ఖాళీ ఉండాలి. పాన్ వెనక అంచు బ్లాక్ వెనక ముఖంతో సమంగా ఉందో లేదో స్కేలు పెట్టి చూసుకో, ఎందుకంటే గేర్‌బాక్స్ బోల్టులు కొన్ని పాన్‌కే పడతాయి. నాలుగు మూలల్లో, ఇంజిన్ ముందు, వెనక కవర్లు బ్లాక్‌ని కలిసే చోట, కొంచెం సిలికాన్ పెట్టు. ఇంజిన్ మౌంట్లు ముందు బిగించి, స్టీరింగ్ రెండు పక్కలకీ పూర్తిగా తిప్పి, స్టీరింగ్ లింక్ (చక్రాలను తిప్పే కడ్డీ) పాన్‌కి తగలట్లేదని తేలాకే మిగతా పని.

ఎమిషన్ రూల్స్ రాష్ట్రానికో రకం, మీ డీఎంవీ (వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ఆఫీసు) సైట్ చూసుకో. ఈ పని నేర్చుకుని వీకెండ్లలో పక్కవాళ్ల కార్లు డబ్బులకి చేద్దామనుకుంటున్నావేమో, హెచ్1బీ మీద అది కుదరదు.

ఆ ట్రక్ పాన్ పారేయకు. ట్యూబ్, ట్రే, డిప్‌స్టిక్ కలిపి అమ్మకానికి పెట్టు. ట్రక్ రిపేరు చేసుకునేవాళ్లు కొంటారు, కనీసం గ్యాస్కెట్ డబ్బులు వస్తాయి.