ఎండ్రికాయకు ఉండేది కొండి కాదు, డెక్క

సందేహం: మాది నల్లగొండ దగ్గర పల్లె. మా పాప స్కూల్ ప్రాజెక్టులో సముద్రపు ఒడ్డు జీవుల గురించి "మగ ఎండ్రికాయ తన పెద్ద కొండిని ఊపుతాడు" అని రాసింది. ఎండ్రికాయ అనాలా, పీత అనాలా? కొండి సరైన మాటేనా?

సమాధానం: ఎండ్రికాయ అనే రాయించండి, టెన్షన్ ఏమీ వద్దు. పీత అంటేనే పుస్తకభాష, ఎండ్రికాయ అంటే మోటు అని చాలామంది అనుకుంటారు గానీ, పీత కోస్తా జిల్లాల్లో ఎక్కువ వినబడే మాట, అంతే. నెల్లూరులోనూ రాయలసీమలోనూ ఎండ్రకాయే అంటారు. ఎండ్రి, ఎండ్రిక అనే రూపాలు నిఘంటువుల్లో ఉన్నాయి, తమిళుల నండు, కన్నడిగుల ఏడి దీనికి చుట్టాలే. చివర ఉన్న కాయ చెట్టుకు కాసేది కాదు, తలకాయ, గుండెకాయల్లో ఉన్నటువంటిదే. మీ వరిమడి ఒడ్డుకు బొరియ చేసి నీళ్లు కారబెట్టేదీ, కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల బురదలో ఉండేదీ వేరు జాతులు, అయినా పేరు ఒకటే సరిపోతుంది.

కొండి మాత్రం కుదరదు. అది తేలు తోక చివరి ముల్లు, విషం దిగేది దాంట్లోంచే. ఎండ్రికాయ కుట్టదు, పట్టి నొక్కుతుంది. అలా పట్టే ముందరి రెండింటినీ డెక్కలు అంటారు, తేలుకూ ముందు ఉండేవి డెక్కలే. డెక్క అంటే పశువు గిట్ట కదా అంటారేమో, అదీ నిజమే, మూసీలో పరుచుకునే గుర్రపు డెక్కలో ఉన్నది ఆ అర్థమే. పంజా అని కొన్ని వీడియోల్లో చెప్తున్నారు, దాన్ని పులికి వదిలేద్దాం.

పాప రాసింది ఫిడ్లర్ క్రాబ్ అనే రకం ఎండ్రికాయ గురించే అయ్యుండాలి. వాటిలో మగదానికి ఒక డెక్క చిన్నది, ఇంకోటి మరీ పెద్దది, కొన్ని జాతుల్లో అదొక్కటే ఒంటి బరువులో మూడో వంతు దాటుతుంది. దాన్ని ఊపి ఆడదాన్ని బొరియ దగ్గరికి పిలుస్తుంది, ఇంకో మగది వస్తే బెదిరిస్తుంది, కానీ బురద తీసి నోట్లో పెట్టుకోడానికి అది పనికిరాదు, తిండికి చిన్నదే దిక్కు. ఆడదానికి రెండూ చిన్నవే కాబట్టి రెండింటితోనూ తింటుంది. అందుకని "పెద్ద డెక్క" అని విడిగా చెప్పడం బాగుంది, ఆ 'పెద్ద' తీసేయకండి.

ఇంకోటి, మగదైనా సరే "ఊపుతాడు" అనకూడదు, "ఊపుతుంది" అనాలి. మగ నెమలి ఆడుతుంది అంటాం గానీ ఆడుతాడు అనం కదా.