బైబిలు సంచిలో పెట్టుకుని వెళ్ళు

ఒంగోలు

చిన్నమ్మలూ,

ప్రభువు నామంలో వందనాలు. నువ్వు పెట్టిన మెసేజీ రెండుసార్లు చదివాను. ఫోన్లో అయితే నా మాట నువ్వూ, నీ మాట నేనూ మధ్యలో తుంచేసుకుంటాం. అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నా.

స్త్రీల సమాజానికి నిన్ను కార్యదర్శిని చేశారు, సంతోషం. నెల తిరక్కుండానే ఒకావిడ నీ దగ్గర కూర్చుని ఏడ్చింది. భర్త ఫోన్లో పందేలాడి, లోన్ యాపుల్లో అప్పులు చేశాడు. ఇప్పుడు ఆ యాపుల వాళ్ళు బంధువులందరికీ ఫోటోలు పంపుతామని బెదిరిస్తున్నారు. "ఒకని భారముల నొకడు భరించి అని వాక్యముంది కదా పెద్దమ్మా, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఈ విన్నపం పెట్టనా?" అని అడిగావు.

పెట్టొద్దు. పేరు చెప్పనులే అంటావేమో. నలభై మంది ఆడవాళ్ళున్న సమాజంలో పేరు చెప్పకపోతే ఇంకా ప్రమాదం, అనుమానం ముగ్గురి మీదికి పోతుంది.

ఇది నేను చేసి చూసిన తప్పు కాబట్టి చెబుతున్నా. ముప్పై ఏళ్ళ కిందట మా సంఘంలో ఒకావిడ కూతురు అత్తారింటి నుంచి వచ్చేసింది. ఆ తల్లి మా వంటింట్లో పీట మీద కూర్చుని నాతో చెప్పుకుంది. నేనేమో ఆ వారం కూడికలో నిలబడి, గొంతు వణికేలా, "కాపురం చెడి ఇంటికొచ్చిన ఆ బిడ్డను జ్ఞాపకం చేసుకో ప్రభువా" అని ప్రార్థన చేశాను. అందరూ గట్టిగా ఆమేన్ అన్నారు. ఆ ప్రార్థన పైకి ఎంత దూరం వెళ్ళిందో గానీ, బజారుకు మాత్రం ఆ సాయంత్రానికే వెళ్ళింది. తల్లీ కూతుళ్ళు మళ్ళీ మా గుడి మెట్లెక్కలేదు. నేను వెళ్ళి క్షమాపణ అడిగాను. ఆవిడ కాఫీ ఇచ్చింది, వేరే సంగతులు మాట్లాడింది, నన్ను గుమ్మందాకా సాగనంపింది. ఇక అంతే.

ఆ తర్వాతే బైబిల్లో పౌలు రాసిన గలతీ పత్రిక ఆరో అధ్యాయం మొదటి నుంచి చదివాను. నువ్వు చెప్పిన వాక్యం అందులో రెండో వచనం, మనం దాన్నే కత్తిరించి గోడ మీద రాసుకుంటాం. మొదటి వచనం ఎవరి గురించి? తప్పితంలో చిక్కుకున్నవాడి గురించి. వాణ్ణి సాత్వికమైన మనస్సుతో మంచి దారికి తీసుకురండి, మీరూ శోధనలో పడతారేమో చూసుకోండి అని చెప్పి, ఆ వెంటనే భారాలు మోయమంటాడు పౌలు. అంటే ఆయన కళ్ళ ముందున్న భారంలో జబ్బూ, పేదరికం మాత్రమే కాదు, తప్పు చేసినవాడి సిగ్గు కూడా ఉంది. ఆవిడ ఇంటి మీద ఇప్పుడు అప్పు కన్నా బరువైనది అదే. ఆ యాపుల వాళ్ళకూ ఆ సంగతి తెలుసు, అందుకే ఫోటోల మాట ఎత్తుతున్నారు. వాళ్ళు బెదిరిస్తున్న పనిని మనం ప్రార్థన పేరుతో చేసిపెట్టకూడదు కదమ్మా.

సరే, మరి ఏం చెయ్యాలి? అదే అధ్యాయంలో ఐదో వచనం చూడు, "ప్రతివాడును తన బరువు తానే భరించుకొనవలెను" అని ఉంది. చిన్నప్పుడు నాకు ఇది తిరకాసుగా అనిపించేది, ఇప్పుడే మోయమన్నాడు, ఇప్పుడే ఎవరిది వాళ్ళే మోసుకోమంటున్నాడు అని. గ్రీకులో ఆ రెండు చోట్లా వేరు వేరు మాటలున్నాయి. మన తెలుగు బైబిలు కూడా ఒకచోట భారములు, ఇంకోచోట బరువు అంది. మొదటిది మనిషిని కుంగదీసేది, రెండోది ఎవరి వంతు మూట వాళ్ళది.

నాకు ఇది గ్రీకు కన్నా గడ్డిమోపుతో బాగా అర్థమవుతుంది. మా అమ్మ గడ్డి కోసి మోపు కట్టుకునేది. ఎంత బలమున్నా ఒక్కతే నెత్తికెత్తుకోలేదు. గట్టున పోయే వాళ్ళను "కాస్త ఎత్తించి పో" అని పిలిచేది. వాళ్ళు ఒక చెయ్యేసేవాళ్ళు, మోపు తలమీద సర్దుకునేదాకా పట్టుకునేవాళ్ళు, తర్వాత ఎవరి దారి వాళ్ళది. మోపు అమ్మది, నడక అమ్మది. ఎండకు తూలిపోతున్నప్పుడు మాత్రం ఎవరో ఒకరు మోపే తీసుకుని నడిచేవాళ్ళు. ఎప్పుడు ఎత్తించాలో, ఎప్పుడు తీసుకుని నడవాలో పోల్చుకోవడమే నీకు పని.

ఆ భర్త తన తప్పు ఒప్పుకోవడం, అప్పుల లెక్క రాయడం, పందేలు మానడం, ఇవి అతని మూట. నువ్వు మొయ్యలేవు, మొయ్యకూడదు. పాస్టరుగారికి చెప్పాలా వద్దా అన్నది కూడా వాళ్ళిద్దరూ తేల్చుకోవలసిందే. బెదిరింపుల వల్ల ఆవిడకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు చూడు, అక్కడ నీ భుజం కావాలి. మెసేజీలు చెరపొద్దని చెప్పు, స్క్రీన్‌షాట్లు తీయించు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేటప్పుడు పక్కన కూర్చో. పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాలంటే తోడు వెళ్ళు. పిల్లల్ని ఓ సాయంత్రం మీ ఇంట్లో ఉంచుకో.

డబ్బు సంగతి. హామీ సంతకం మాత్రం పెట్టకు. చెలికాని కోసం పూటపడవద్దని, అంటే హామీ ఉండొద్దని, బైబిల్లో సామెతల గ్రంథం ఒకటికి రెండుసార్లు హెచ్చరిస్తుంది. ఇవ్వగలిగితే తిరిగి రాదనుకున్నంతే ఇవ్వు, ఇచ్చి మరిచిపో. మన పిడికెడు బియ్యం అలవాటు గుర్తుందిగా? వండే ముందు ప్రతి ఇంట్లోనూ ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు, అన్నీ కలిపేశాక ఏ గింజ ఎవరిదో ఎవరికీ తెలియదు. ఆ పద్ధతి పెట్టిన పెద్దవాళ్ళకు తీసుకునేవాడి ముఖం ఎలా ఉంటుందో తెలుసు.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి పని ఇచ్చాడు. చెయ్యి చాపించకుండా కూలి ఇచ్చాడు చూడు, నాకు అది గొప్పగా కనిపిస్తుంది. ఆ తర్వాత 1878 జూలైలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మమైన సంగతి ప్రతి వేదిక మీదా చెబుతారు. కరువు సాయం నడిచినంత కాలం, ఏడాదికి పైగా, వాళ్ళు అడుగుతున్నా ఆయన బాప్తిస్మం ఇవ్వలేదన్న సంగతి మాత్రం అంతగా చెప్పరు. అన్నం కోసం వచ్చారన్న మాట వాళ్ళ మీద పడకూడదని ఆగాడు. నువ్వు సాయం చేసిన ఆ భార్యాభర్తలు వచ్చే ఆదివారం ముందు వరుసలో కూర్చోవాలని ఎదురుచూడకు. గుడిలో నిలబడి సాక్ష్యం చెప్పమని అసలు అడగకు.

రహస్యం దాచమన్నాను గానీ దానికో హద్దుంది. ఆ ఇంట్లో ఎవరైనా చచ్చిపోతానంటే, లేదా అతను చెయ్యి చేసుకుంటున్నాడని తెలిస్తే, నోరు మూసుకుని కూర్చోకు. 14416 టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్ళకు సాయం చేసే నంబరు; 181 మహిళల హెల్ప్‌లైన్. "ఇది నేను దాచలేను" అని ఆమెకే చెప్పి, ఆమె ముందే ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న పోయినప్పుడు ఆదరణ కూడికకు మూడొందల మంది వచ్చారు. ఎవరెవరు ఏ వాక్యం చెప్పారో ఒక్కటీ గుర్తులేదు. బైబిల్లో కష్టాలపాలైన యోబును ఆదరించడానికి వచ్చిన స్నేహితులు కూడా ఏడు రోజులు నేల మీద మాట్లాడకుండా కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే చెడింది. నాకు గుర్తున్నది మా వీధి చివరి టీచరమ్మ. కూడికలన్నీ అయిపోయాక, ఇరవయ్యో రోజున వచ్చి, "డెత్ సర్టిఫికెట్ ఎన్ని కాపీలు తీశారక్కా, పద బ్యాంకుకు పోదాం" అంది. లైన్లో రెండు గంటలు నిలబడింది. ప్రార్థన చేస్తానని కూడా అనలేదు. చేసే ఉంటుంది.

బుధవారం వెళ్తానన్నావుగా. నలుగురూ కలిసి వెళ్ళకండి, నువ్వొక్కదానివే వెళ్ళు. బైబిలు చేతిలో పట్టుకోకు, సంచిలో పెట్టుకో. వీధిలో వాళ్ళకు నువ్వు ఊరికే పలకరించడానికి వెళ్తున్నట్టుండాలి. ఆమె అడిగితే తియ్యి. లేకపోతే కాసేపు కూరగాయలు తరుగుతూ కూర్చో.

వచ్చాక నాకు ఫోన్ చెయ్యి. ఆవిడ చెప్పినవి నాకు చెప్పొద్దు. నువ్వెలా ఉన్నావో, అన్నం తిన్నావో లేదో చెప్పు చాలు.

మీ పెద్దమ్మ